ఒకే గాలి, రెండు ప్రయాణాలు



మన పల్లెలకు ఫైబర్ తీగ వచ్చినప్పటి నుంచి ఒక ఫిర్యాదు తరచుగా నా చెవిన పడుతోంది. "టీవీ కాడ వైఫై బాగుంది సార్, వెనక కొట్టంలోకి రాలేదు. రిపీటర్ కొని పెట్టినాము. సిగ్నల్ ఫుల్లుగా చూపిస్తా ఉంది, వీడియో మాత్రం తిరుగుతానే ఉంది. పెట్టె మంచిది కాదంటారా?" చాలాసార్లు పెట్టె మంచిదే. దాన్ని పెట్టిన చోటు కుదరక అలా అవుతుంది. లేదా దాని పనేమిటో తెలియక ఎక్కువ ఆశపడి ఉంటారు. రిపీటర్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది కొనకముందే తెలిస్తే డబ్బు మిగులుతుంది, పిల్లల క్లాసులూ తోట కాపలా కెమెరాలూ ఆగకుండా నడుస్తాయి. ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా ఫోనులో కనిపించే సిగ్నల్ గుర్తు చూద్దాం. అది చెప్పేది ఫోనుకూ రిపీటరుకూ మధ్య ఉన్న బలం. రిపీటరు కొట్టం గోడకే తగిలించి ఉంది కాబట్టి ఫుల్లుగా చూపిస్తుంది. ఆ రిపీటరుకు ముందుగదిలోని అసలు రౌటరు ఎంత బాగా వినిపిస్తోందో ఆ గుర్తు చెప్పదు. అక్కడ అరకొరగా అందుతుంటే ఇక్కడ గుర్తు నిండుగా ఉన్నా వీడియో తిరుగుతూనే ఉంటుంది.

ఇక వేగం సగమవడం. చవకగా దొరికే మామూలు రిపీటరులో రేడియో ఒక్కటే ఉంటుంది. అది ఒకే ఛానెల్ మీద పనిచేస్తుంది. వినేటప్పుడు పంపలేదు, పంపేటప్పుడు వినలేదు. రౌటరు నుంచి ఒక ముక్క డేటా వస్తే ముందు దాన్ని పూర్తిగా అందుకోవాలి, తర్వాత అదే ముక్కను అదే గాలిలోకి మళ్ళీ వదలాలి. అంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. ఒక ఛానెల్ మీద ఒకరు పంపుతున్నంతసేపు చుట్టుపక్కల మిగతా పెట్టెలన్నీ ఆగి ఉండాలన్నది వైఫై నియమం. ఒకే మోటారున్న రైతు కష్టం ఎలాంటిదో మీకు తెలుసు. బోరు నీళ్ళు సంపులోకి తోడాలి, సంపులోంచి పైచేనికి ఎక్కించాలి, రెండు పనులకూ ఉన్నది ఆ ఒక్క మోటారే. కరెంటు రోజుకు తొమ్మిది గంటలు. నాలుగున్నర గంటలు తోడడానికి పోతాయి, నాలుగున్నర గంటలు ఎక్కించడానికి పోతాయి. మోటారు బలం తగ్గలేదు, బోరులో నీళ్ళూ తగ్గలేదు, చేనికి అందింది మాత్రం సగం. రిపీటరులో జరిగేది అచ్చంగా ఇదే. దూరాన్ని అది సమయం పెట్టి కొంటుంది.

ఈ సగం మాట విని రిపీటరంటేనే దండగ అని తేల్చేసేవాళ్ళున్నారు. అది తొందరపాటని నా అభిప్రాయం. లెక్క చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

వైఫై వేగం దూరంతో మెట్లు మెట్లుగా దిగుతుంది. 2003లో వచ్చిన 'జీ' రకం ప్రమాణంలో ఆ మెట్లు సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని ఇలా ఉంటాయి: 54, 48, 36, 24, 18, 12, 9, 6. ఇప్పటి కొత్త రకాల్లో అంకెలు పెద్దవి, పద్ధతి మాత్రం అదే. సిగ్నలు బాగున్న చోట 54తో నడిచే పెట్టెలు, గోడలు అడ్డమయ్యేకొద్దీ దిగుతూ దిగుతూ 6 దగ్గర తేలతాయి. అలా 6 మాత్రమే అందే కొట్టం మీదనుకోండి. ఇంటికీ కొట్టానికీ నడుమ, అటూ ఇటూ 54 దొరికే చోట రిపీటరు పెట్టారు. సగం పోయినా 27 మిగులుతుంది. ఆరు ఎక్కడ, ఇరవై ఏడు ఎక్కడ! రిపీటరు వల్ల వేగం నాలుగింతలకు పైగా పెరిగింది. అదే రిపీటరును తీసుకెళ్ళి కొట్టం గోడకే తగిలించారనుకుందాం. రౌటరు వైపు 6, ఫోను వైపు 54. ప్రతి ముక్కా అటు నుంచి రావడానికి పట్టే కాలం, ఇటు పోవడానికి పట్టే కాలం కలిపితే చేతికొచ్చేది 5.4. రిపీటరు లేనప్పటి ఆరు కూడా రాలేదు. డబ్బు అదే, పెట్టె అదే, మారింది చోటు ఒక్కటే. ఇవి గాలిలోని పైలెక్కలు. నిజంగా చేతికందేది ఇంతకంటే తక్కువే ఉంటుంది కానీ, చోటు వల్ల వచ్చే తేడా ఎక్కడికీ పోదు.

ఇంకో సంగతి. మీ ఇంటికి వచ్చే లైను వేగమెంతో కూడా చూసుకోవాలి. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయల ప్యాకేజీలో వచ్చిన వేగం 15 మెగాబిట్లు. మీ లైను 15 అయ్యి, రిపీటరు దగ్గర సగం పోగా 25 నిలబడుతుంటే మీకు నష్టమేమీ తెలియదు. బయటి నుంచి వచ్చేదే 15 కదా. వంద మెగాబిట్ల లైను తీసుకున్న ఇంట్లోనే ఆ సగం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఒకరి ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసిన రిపీటరు, పక్కింట్లో పనికిరానిదనిపించుకుంటుంది.

మన ఇళ్ళ కట్టుబడి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పాత మిద్దెల గోడలు రెండడుగుల మందం, రాయీ మట్టీ. అలాంటి గోడ రెండు దాటేసరికి సిగ్నలు మూలుగుతుంది. వైఫై ఎక్కువగా వాడే రెండు బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు వేగమైనదే కానీ గోడల దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ కంటే త్వరగా ఓడిపోతుంది. రేకుల ఇల్లయితే కప్పు తాకిన సిగ్నలు వెనక్కి తిరుగుతుంది, కాబట్టి మిద్దె మీది రౌటరు నుంచి రేకుల కింది గదికి అందుతుందని నమ్ముకోకూడదు. బీరువా, కూలరు, నీళ్ళ ట్యాంకు, ఇవి మూడూ అడ్డాలే. రౌటరును బీరువా వెనక దాచి, అందంగా కనిపించడంలేదని టీవీ కిందికి నెట్టి, ఆ తర్వాత రిపీటరు కోసం అంగడికి పోయేవాళ్ళను చూశాను. ముందు రౌటరును తలుపుకు ఎదురుగా, తలెత్తున పెట్టి చూడండి. కొన్ని ఇళ్ళలో అంతటితోనే పని అయిపోతుంది.

అనంతపురం జిల్లా నార్పల వైపు ఒక చీనీ (బత్తాయి) తోటలో చూసిన ఏర్పాటు చెబుతాను. ఊరి చివర ఇల్లు, అక్కడికి నాలుగు వందల మీటర్ల దూరాన తోట, తోటలో మోటారు షెడ్డు. ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి తీగ కోసం దొంగలు పడుతున్న రోజులు కాబట్టి నాలుగు కెమెరాలు పెట్టారు. డిగ్రీ చదివే కొడుకు ఉత్సాహంగా మిద్దె మీద ఒకటి, దారిలో వేపచెట్టు దగ్గరి స్తంభానికి ఒకటి, షెడ్డులో ఒకటి, మూడు రిపీటర్లు వరసగా తగిలించాడు. కెమెరా బొమ్మ నిమిషానికోసారి ఆగిపోతోంది. వైరింగు చూడడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ను అడిగాడు, "అన్నా, ఇంకో పెట్టె తగిలిద్దామా?" అని. "వద్దురా, ఉన్నేవే పీకేద్దాం" అన్నాడాయన.

ఆయన మాటలో ఎంత లెక్క ఉందో చూడండి. ఒక్కో కెమెరాకు రెండు మెగాబిట్లు అనుకుంటే నాలుగింటికి ఎనిమిది. మూడు రిపీటర్లు దాటాలంటే ప్రతి ముక్కా నాలుగుసార్లు గాలిలోకి ఎక్కాలి. ఎనిమిది కాస్తా ముప్పై రెండు అయ్యింది. అదంతా ఒకే ఛానెల్ మీద, రాత్రీ పగలూ ఆగకుండా. మధ్యలో ఇంట్లోవాళ్ళ ఫోన్లు, పక్కింటి వైఫై. పైగా షెడ్డులోని పెట్టెకు మిద్దె మీది పెట్టె వినిపించదు, అంత దూరం కదా. గాలి ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి పంపుతాయి, నడుమనున్న వేపచెట్టు పెట్టె దగ్గర రెండూ గుద్దుకుంటాయి. గుద్దుకున్న ముక్కల్ని మళ్ళీ పంపాలి. ఇలాంటి గొలుసుల్ని అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2001లో పరీక్షించారు. ఒకే ఛానెల్ మీద పొడవాటి గొలుసు కడితే, అంతా సవ్యంగా ఉన్నా దక్కేది నాలుగో వంతేనని తేల్చారు. మామూలు వైఫై నియమాలతో అయితే ఏడో వంతు దాకా పడిపోతోందని చూపించారు. మన కుర్రాడి తోటలో జరిగింది ఇదే.

ఆ ఎలక్ట్రీషియన్ ఏం చేశాడంటే, మూడు పెట్టెలూ తీసేసి, ఒక దిక్కుకే గురిపెట్టే ఆరుబయటి రేడియోలు రెండు తెచ్చి ఒకటి మిద్దె మీద, ఒకటి షెడ్డు పైపు మీద ఎదురెదురుగా బిగించాడు. అవి 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే జత. మిద్దె మీదిది రౌటరుకు తీగతో, షెడ్డుదిక్కుది కెమెరాల పెట్టెకు తీగతో కలిపాడు. నెట్‌వర్క్ తీగను వంద మీటర్ల వరకు నిక్షేపంగా లాగొచ్చు. ఇంకా ఒక తెలివైన పని చేశాడు. కెమెరాల రికార్డింగు పెట్టెను తోటలోనే పెట్టించాడు. ఇప్పుడు బొమ్మలన్నీ అక్కడే దాచుకుంటాయి. ఇంటివాళ్ళు ఫోను తీసి చూసినప్పుడే, చూసిన కెమెరా బొమ్మే గాలి దాటి వస్తుంది.

ఆ రేడియోలను అంతెత్తున ఎందుకు కట్టాడో కూడా చెప్పాలి. రెండు చోట్ల నుంచి ఒకదానికొకటి కనబడితే చాలదు. ఆ చూపు చుట్టూ కొంత ఖాళీ ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ మీద నాలుగు వందల మీటర్ల దూరానికి, సరిగ్గా నడుమ, చూపు గీతకు అన్నివైపులా మూడున్నర మీటర్ల వరకు సిగ్నలు పరుచుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ అయితే అంతకంటే తక్కువ చాలు. చీనీ చెట్టు తల ఆ ఖాళీలోకి వస్తే బలం తగ్గుతుంది. ఆకులో ఉన్న నీళ్ళు సిగ్నలును మింగేస్తాయి. చీనీ రైతులు పూత కోసం కొన్నాళ్ళు నీళ్ళు ఆపి తోటను బెట్టకు వదులుతారు కదా. అప్పుడు ఆకు వాడి, కొంత రాలుతుంది. ఆ రోజుల్లో వైఫై బాగా పనిచేసి, వానపడి కొత్త చిగురు నిండగానే మళ్ళీ మొరాయిస్తుంటే, పెట్టె చెడిందని దాన్ని విప్పకండి. పైపును రెండడుగులు పెంచండి.

తోటలో కరెంటు సంగతి మరిచిపోకూడదు. వ్యవసాయ లైను తొమ్మిది గంటలు ఉండి పోతుంది. దొంగలొచ్చేది మిగతా గంటల్లో. ఏడు వాట్ల పెట్టె రోజంతా నడవాలంటే 168 వాట్ అవర్లు కావాలి. ఒక చిన్న సోలార్ పలకా, 12 వోల్టుల బ్యాటరీ ఉంటే సరిపోతాయి. మనకు ఎండకు కొదవలేదు. ఆ పెట్టెను మాత్రం రేకు కిందే వేలాడదీయకుండా గాలి ఆడే నీడలో ఉంచండి.

ఇలా అంచెలంచెలుగా సిగ్నలు దాటించడం ఇప్పటి విద్య కాదు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్కు నడిపింది. వేగం సెకనుకు 9,600 బిట్లు. దూరపు దీవులకు అందించడానికి వాళ్ళూ రిపీటర్లే వాడారు. పోవడానికి ఒక పౌనఃపున్యం, రావడానికి ఇంకొకటి పెట్టుకున్నారు. కొండల మీది పోలీసు వైర్‌లెస్ రిపీటర్లు ఒక పౌనఃపున్యం మీద విని, మరో పౌనఃపున్యం మీద పంపుతాయి. అందుకే ఒకే సమయంలో రెండు పనులూ చేయగలవు. ఇప్పటి డ్యూయల్ బ్యాండ్ రిపీటర్లలో మంచివి చేసేదీ అదే. రౌటరుతో 5 గిగాహెర్ట్జ్ మీద, ఫోన్లతో 2.4 మీద మాట్లాడతాయి. రెండో మోటారు కొన్నట్టే. మెష్ అని ఇంకాస్త ఖరీదైనవి వస్తున్నాయి. వాటిల్లో పెట్టెల మధ్య రాకపోకలకే ఒక రేడియోను పూర్తిగా కేటాయించినవి ఉంటాయి. కొనేటప్పుడు ఆ ఒక్క మాట అడగండి, "పెట్టెల మధ్యకు వేరే రేడియో ఉందా" అని.

మన తెలుగు నేల మీద జరిగిన పని కూడా ఒకటి చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ళ కిందట పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం చుట్టుపక్కల పల్లెల్ని బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' అనే పేరుతో వైఫైతో కలిపింది. డాక్టరు ఒకచోట, రోగి ఇంకోచోట కూర్చుని వీడియోలో మాట్లాడుకునేందుకు, దూరం నుంచి పాఠాలు చెప్పేందుకు. ఇళ్ళలో వాడుకునే వైఫైనే ఎత్తైన టవర్ల మీద గురిపెట్టి కిలోమీటర్ల దూరం పంపారు. ఐఐటీ కాన్పూర్‌లో ఉన్న భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు ఇలాంటి నెట్‌వర్కుల చిక్కునే పట్టుకుని 2005లో ఒక పరిష్కారం ప్రచురించారు. ఒకే టవరు మీద రెండు మూడు దిక్కులకు రేడియోలున్నప్పుడు ఒకటి పంపుతుంటే పక్కది వినలేదు, మోతలో మునిగిపోతుంది. వాళ్ళేమన్నారంటే, టవరు మీది రేడియోలన్నీ కలిసి ఒకేసారి పంపాలి, తర్వాత అన్నీ కలిసి ఒకేసారి వినాలి. ఈ ఒక్క క్రమశిక్షణతో ఒకే ఛానెల్ మీదే అన్ని దిక్కులూ నడుస్తాయి. ఎవరి వీలునుబట్టి వాళ్ళు పంపుకునే మామూలు వైఫై పద్ధతి అంత దూరాలకు పనికిరాదని వాళ్ళు ముందుగానే గుర్తించారు. తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి తన పల్లె కేంద్రాలను ఇలాగే కలుపుకుంది. అందులో పనిచేసిన బర్కిలీ పరిశోధకులు నియమాలు మార్చి చూస్తే వేగం రెండింతల నుంచి ఐదింతల దాకా పెరిగిందని 2007లో వెల్లడించారు. పెట్టెలు చవకవే. వాటికి వంతులు నేర్పడంలోనే కష్టమంతా ఉంది.

గోదావరి డెల్టా చదును నేల. అక్కడ కొబ్బరిచెట్లు దాటాలంటే టవరు కట్టుకోక తప్పలేదు. మనకు ఆ ఖర్చు తక్కువ. అనంతపురం జిల్లాలోనూ, 2022 ఏప్రిల్‌లో విడిపోయిన శ్రీసత్యసాయి జిల్లాలోనూ ఊరూరికీ ఒక రాతిగుట్ట ఉంటుంది. ఆ గుట్ట మీద నిలబడితే నాలుగు పల్లెలు కనిపిస్తాయి. ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి, అవతలి కొట్టాలకు, తండాలకు చేరని చోట, ఒక గుట్ట మీద సోలార్ పలకతో సరైన రేడియోలు పెడితే ఎన్ని ఇళ్ళకు చదువూ వైద్యమూ దగ్గరవుతాయో! దీన్ని ఒక్కొక్కరు విడివిడిగా కొనుక్కునే సామాను అనుకోకుండా, పంచాయతీలు, యువకులు కూర్చుని ఆలోచించాలని నా కోరిక. దీనికి రేడియో లైసెన్సు అడ్డు లేదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును మన దేశంలో 2005 జనవరిలో, 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని ఆరుబయట వాడకానికి కూడా 2018 అక్టోబరులో లైసెన్సు లేకుండా వదిలారు. శక్తి పరిమితి దాటకుండా ఎవరైనా వాడుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. సెల్‌ఫోను సిగ్నలు పెంచుతామని అమ్మే మొబైల్ బూస్టర్లు వేరు. వాటికీ వైఫై రిపీటర్లకూ పోలికే లేదు. టెలికాం కంపెనీలు డబ్బు కట్టి తీసుకున్న బ్యాండ్ల మీద అవి అరుస్తాయి. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. ఒక తోటలో పెట్టిన నాసిరకం బూస్టరు ఆ టవరు కింది పల్లెలన్నిటికీ ఫోను అందకుండా చేయగలదు. అర్ధరాత్రి 108కు ఫోను కలవకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు. దయచేసి వాటి జోలికి పోకండి. మీ ఊళ్ళో సెల్ సిగ్నలు లేకపోతే, ఇంటి వైఫై మీదే ఫోను మాట్లాడే వీలు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. సెట్టింగులలో వైఫై కాలింగ్ అని ఉంటుంది, తెరిచి పెట్టుకోండి.

రిపీటరు ఇప్పటికే కొనుక్కున్నవాళ్ళు సాయంత్రం ఒక పని చేయండి. ఫోనులో స్పీడ్ టెస్టు పెట్టి ముందు రౌటరు పక్కన నిలబడి కొలవండి. తర్వాత రిపీటరు ఆపేసి, అది ఉన్న చోటే నిలబడి, అసలు రౌటరు సిగ్నలుతోనే మళ్ళీ కొలవండి. రిపీటరుకు అందుతున్నది ఎంతో ఆ రెండో అంకె చెబుతుంది. అది మొదటి అంకెలో సగం కూడా లేదంటే పెట్టెను రౌటరు దిక్కుకు ఒక గది ముందుకు జరపండి. జరిపి, రిపీటరు వేసి, కొట్టంలో కొలవండి. రెండు మూడు చోట్లు మార్చి చూస్తే మీ ఇంట్లో దానికి సరిపోయే చోటు దొరుకుతుంది. ఎక్కడా కుదరకపోతే ఇంకో రిపీటరు కొనే డబ్బుతో తీగ కొని, కొట్టం దాకా లాగి, ఆ చివర ఒక పాత రౌటరును యాక్సెస్ పాయింటుగా పెట్టించండి. తీగ మీద వచ్చే డేటా గాలిలో ఒక్కసారే ప్రయాణం చేస్తుంది కాబట్టి సగం పోయే బాధ ఉండదు.